చూపు లేనివారి చేతిలో టచ్ ఫోను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే వస్తువు గురించి ఉంటున్నాయి. గీత గానీ గుంత గానీ లేని గాజు పలకలాంటి ఫోనును చూపు లేనివారు చదవడానికి, రాయడానికి, డబ్బు చెల్లించడానికి, దరఖాస్తులు పెట్టుకోవడానికి ఎలా వాడుకోవాలన్నదే ఆ ఉత్తరాలన్నిటిలోనూ ఉన్న ప్రశ్న. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటిజబ్బు వల్ల 35వ ఏట పూర్తిగా చూపు కోల్పోయి, ఆ తరువాత ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పడానికి ఇదే ఫోను మీద ఆధారపడి, ఇప్పుడు కొత్తగా చూపు పోయినవారికి దాన్ని నేర్పుతున్న మనిషిని నేను. నా అనుభవంలో నిలిచిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నాకు 58 ఏళ్లు. గ్లకోమా (నీటికాసులు) వల్ల రెండేళ్ల కిందట చూపు పోయింది. మీటల ఫోనులో 5వ అంకె మీద ఉండే బొడిపెను తడుముకొని నంబర్లు నొక్కేవాణ్ణి. మా అబ్బాయి టచ్ ఫోను కొనిచ్చాడు. ఎక్కడ వేలు పెడితే ఏది తెరుచుకుంటుందో, ఎవరికి ఫోను వెళ్లిపోతుందో అన్న భయంతో దాన్ని బీరువాలో పెట్టేశాను. ఈ వయసులో నాకు వస్తుందా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: వస్తుంది. మీ భయం అర్థం లేనిది కాదు. 2007లో మొదటి ఐఫోను వచ్చినప్పుడు దానిలో చూపు లేనివారికి పనికివచ్చే ఏర్పాటేదీ లేదు. మీటలన్నీ మాయమైపోతున్న ఆ రోజుల్లో, ఇకమీదట ఏ ఫోనూ మన చేతికి అందదేమోనని చాలామంది దిగులుపడ్డారు. 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో పాటు తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే వాయిస్‌ఓవర్ వచ్చింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే పని చేసే టాక్‌బ్యాక్ వచ్చింది. గూగుల్‌లో ఆ పనికి ముందు నిలిచినవారిలో టి.వి. రామన్ గారు ఒకరు. ఆయన మన దేశంలో పుట్టి పెరిగినవారు, 14వ ఏట మీలాగే గ్లకోమా వల్ల చూపు కోల్పోయినవారు. వేలితో తెరంతా తడుముతూ ఎక్కడేముందో వినే సౌకర్యం ఆండ్రాయిడ్‌కు 2011లో, 4.0 వెర్షనుతో వచ్చింది. మీ బీరువాలో ఉన్న ఫోనులో ఇవన్నీ ఇప్పటికే ఉన్నాయి, వాటికోసం వేరే ఏదీ కొనవలసిన పని లేదు.

మీ భయాన్ని తీర్చే సంగతి ఒకటుంది. టాక్‌బ్యాక్ పనిచేస్తున్నప్పుడు వేలు తగలడం వేరు, తెరుచుకోవడం వేరు. మీ వేలు దేని మీద ఉంటే దాని పేరును ఫోను పలుకుతుంది, అంతకు మించి ఏమీ జరగదు. పేరు విని, అదే కావాలనుకుంటే, తెర మీద ఎక్కడైనా సరే వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. అప్పుడే అది తెరుచుకుంటుంది. కాబట్టి తడుముతూ ఎంతసేపు తిరిగినా ఎవరికీ ఫోను వెళ్లదు. తడమకుండా కూడా నడవవచ్చు: ఒక వేలిని తెర మీద ఎడమ నుంచి కుడికి చిన్నగా విసిరితే తరువాతి వస్తువుకు, కుడి నుంచి ఎడమకు విసిరితే ముందటి వస్తువుకు వెళుతుంది. తెర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనివారికి ఇదే సులువైన దారి. పేజీని పైకి జరపాలంటే రెండు వేళ్లు కలిపి జరపాలి. మాట ఆగాలంటే రెండు వేళ్లతో ఒకసారి తట్టాలి.

నేను నేర్పేటప్పుడు పాటించే వరుస ఇది. ముందుగా టాక్‌బ్యాక్‌ను తీయడం, పెట్టడం నేర్చుకోవాలి. సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలో మీ అబ్బాయి చేత ఒక్కసారి ఆ సౌకర్యం పెట్టించుకుంటే, శబ్దం పెంచే తగ్గించే రెండు మీటలనూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టినప్పుడల్లా అది మొదలవుతుంది లేదా ఆగుతుంది. బయటికి వచ్చే తలుపు ఎక్కడుందో తెలిస్తే లోపల తిరగడానికి ధైర్యం వస్తుంది. తరువాత వారం రోజులు ఫోన్ కాల్ కూడా చేయకండి. కుడికి విసరడం, వినడం, ఎడమకు విసరడం, వినడం, అంతే. ఫోనులోనే ఉన్న టాక్‌బ్యాక్ పాఠాన్ని తెరిచి అందులో చెప్పినట్టు చేయండి. రెండో వారంలో కాల్ తీసుకోవడం నేర్చుకోండి. రెండు వేళ్లతో రెండుసార్లు తడితే వచ్చిన కాల్ కలుస్తుంది, మళ్లీ అలాగే చేస్తే ఆగుతుంది. సందేశాలు వినడం, రాయడం ఆ తరువాతి మాట. మాట వేగం మొదట్లో నెమ్మదిగా పెట్టుకోండి, నెలకొకసారి కొంచెం పెంచుకుంటూ పోండి. ఏడాది తిరిగేసరికి ఇంట్లో మిగతావారికి ఒక్క ముక్క కూడా అర్థం కాని వేగంలో మీరు హాయిగా వింటూ ఉంటారు. నా శిష్యులలో 70 దాటినవారు కూడా ఈ దారినే నేర్చుకున్నారు.

ప్రశ్న: గురువుగారూ, మా మామగారికి మధుమేహం వల్ల చూపు పోయింది. ఆయన ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టాం. అది పెట్టినప్పటి నుంచి ఆ ఫోను నాకు పనిచేయడం లేదు, తెర జరగదు, నొక్కితే తెరుచుకోదు. ఆయన ఒక్కో సందేశానికి పావుగంట తీసుకుంటున్నారు. చూడలేక నేనే తీసుకొని చేసి పెడుతున్నాను. ఆయనకు ఎందుకు రావడం లేదు? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీరు తీసుకొని చేసి పెడుతున్నారు గనుక ఆయనకు రావడం లేదు. ఇది మీ తప్పని అనడం లేదు. ప్రేమ ఉన్న ఇళ్లలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. కానీ పావుగంట పట్టిన సందేశం రేపు పదమూడు నిమిషాలలో అవుతుంది, నెల తిరిగేసరికి మూడు నిమిషాలకు వస్తుంది. మధ్యలో ఫోను చేతిలోంచి పోయిన ప్రతిసారీ ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆయన తడుముకుంటున్నప్పుడు పక్కన కూర్చోండి. అడిగితే మాటతో చెప్పండి. "అక్కడ, ఇక్కడ" అనకుండా, "కింది అంచున ఎడమ మూల" అని చెప్పండి. మీ చెయ్యి తెర మీదికి వెళ్లనివ్వకండి. ఆయన వేలిని పట్టుకొని కదపడం కూడా మంచిది కాదు, ఎందుకంటే మరొకరు కదిపిన వేలికి దారి గుర్తుండదు.

మొదటి ప్రశ్నకు వస్తే, ఫోను చెడిపోలేదు. టాక్‌బ్యాక్ ఉన్న ఫోనులో ఒక వేలితో జరపడం, ఒకసారి తట్టడం అనేవి వేరే పనులకు కేటాయించి ఉంటాయి. మీరు తప్పనిసరిగా ఏదైనా చూడవలసి వస్తే ఆయనతో చెప్పి, పైన రాసినట్టు రెండు శబ్దపు మీటలు నొక్కి ఆపి, పని కాగానే మళ్లీ పెట్టి ఇవ్వండి. పెట్టడం మరిచిపోయి వంటింట్లోకి వెళ్లిపోతే, ఆయన చేతిలో ఉన్నది ఏమీ పలకని గాజు ముక్క అయిపోతుంది.

ఇంకొక్క మాట రాయకుండా ఉండలేను. ఆయనకు వచ్చిన సందేశాలన్నీ మీరే చదివి వినిపిస్తున్నారంటే, ఆయనకంటూ సొంత ఉత్తరం ఒక్కటి కూడా లేదని అర్థం. బాల్యమిత్రుడు ఏం రాశాడో, బ్యాంకులో ఎంతుందో ఇంట్లో ఎవరికీ తెలియకుండా తెలుసుకునే హక్కు చూపుతో పాటు పోలేదు. నాకు చూపు పోయిన మొదటి సంవత్సరాలలో అన్నిటికన్నా బాధపెట్టినది అదే.

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో బి.ఎ. చదువుతున్నాను, పుట్టుకతో చూపు లేదు. ఫోనులో మాట చెప్పి తెలుగు టైపు చేస్తాను, మళ్లీ విని చూసుకొని పంపుతాను. వింటే అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ స్నేహితులు నా రాతలో తప్పులు ఎక్కువగా ఉన్నాయంటున్నారు. వినికిడికి అందని తప్పులు ఎలా ఉంటాయి? (ఒక విద్యార్థి, అనంతపురం)

జవాబు: ఉంటాయి, చాలా ఉంటాయి. తెలుగులో పలికినట్టే రాస్తామని చెప్పుకుంటాం గానీ, ఫోను పలికే గొంతు శ, ష అనే రెండు అక్షరాలను దాదాపు ఒకేలా పలుకుతుంది. "విషయం" అని రాసినా "విశయం" అని రాసినా చెవికి తేడా తెలియదు. ఒత్తక్షరాల సంగతీ అంతే, "స్థానం", "స్తానం" రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. "చేయవచ్చు" అన్న మాటను మాటల టైపింగు "చేయ వచ్చు" అని విడగొడితే, ఆ ఖాళీ చెవికి అందదు. కామాలు, పూర్ణబిందువులు కూడా అమరికలలో మార్చుకుంటే తప్ప పైకి పలకవు. చూపు ఉన్న పిల్లవాడు వేలసార్లు కంటపడిన మాట రూపాన్ని తెలియకుండానే గుర్తుపెట్టుకుంటాడు. చెవితో మాత్రమే చదివిన మనకు ఆ రూపం ఎన్నడూ ఎదురుపడలేదు. కనుక ఇది మీ అజాగ్రత్త కాదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, అక్షరం అక్షరంగా వినడం. టాక్‌బ్యాక్‌లో మూడు వేళ్లు కలిపి కుడికో ఎడమకో జరిపితే ఏ ప్రమాణంలో చదవాలన్నది మారుతుంది: పంక్తి, పదం, అక్షరం. అక్షరం అన్నదాని దగ్గర ఆపి, ఒక వేలితో పైకి, కిందికి విసురుతూ పోతే మాటలోని ముక్కలు ఒక్కొక్కటే వినిపిస్తాయి. ఖాళీ ఉన్నచోట ఖాళీ అని చెబుతుంది. తెలుగులో గుణింతపు గుర్తు, ఒత్తు వేర్వేరు ముక్కలుగా దాగి ఉంటాయి కాబట్టి, చెరిపేటప్పుడు ఒక్క నొక్కుకు అక్షరమంతా పోకుండా దాని గుర్తు మాత్రమే పోవచ్చు. ఎంత పోయిందో ప్రతిసారీ విని చూసుకోవాలి. ముఖ్యమైన దరఖాస్తులు, వ్యాసాలు పంపేముందు ఇలా ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. స్నేహితులకు పంపే నాలుగు మాటల కోసం ఇంత శ్రమ అక్కరలేదు.

రెండో దారి బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే చుక్కల లిపి. మన దేశ భాషలన్నిటికీ 1951 నుంచి వాడుకలో ఉన్న భారతి బ్రెయిలీలో శ, ష, స మూడింటికీ వేర్వేరు చుక్కలున్నాయి, ఒత్తక్షరాలకూ అంతే. వేలితో చదివినవారికి "విషయం"లో ఏ ష ఉందో గుర్తుంటుంది, చెవితో చదివినవారికి ఉండదు. ఇదే విషయం మీద కరీంనగర్ నుంచి ఒక తల్లి, తొమ్మిదేళ్ల తన బిడ్డకు ఫోనే అన్నీ చదివి వినిపిస్తుంటే బ్రెయిలీ ఎందుకని రాశారు. అమ్మా, బిడ్డకు బ్రెయిలీ తప్పకుండా నేర్పించండి. కథ వినడం వేరు, చదవడం వేరు. ఫోను బ్రెయిలీకి పోటీ కూడా కాదు. టాక్‌బ్యాక్‌లో 2020 నుంచి తెర మీదే ఆరు చుక్కల బ్రెయిలీ మీటలు ఉన్నాయి. ఫోనును అడ్డంగా, తెర ఎదుటివారి వైపు ఉండేట్టు పట్టుకొని, రెండు చేతుల మూడేసి వేళ్లతో నొక్కి రాయవచ్చు. ఐఫోనులో ఇలాంటిది 2014లోనే వచ్చింది. వేలి కింద చుక్కలు పైకి లేచే బ్రెయిలీ పరికరాలను బ్లూటూత్‌తో ఫోనుకు కలిపి, వచ్చిన సందేశాన్ని వేలితోనే చదువుకోవచ్చు. వాటి ధర సామాన్య కుటుంబాలకు అందే స్థాయికి ఇంకా రాలేదన్నది నన్ను కలచివేసే విషయం.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నాను. తెలుగు మాధ్యమం. మిత్రులు పంపే నోట్సు పీడీఎఫ్‌లు కొన్నిటిని టాక్‌బ్యాక్ అసలు చదవదు, కొన్నిటిలో అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు చదువుతుంది. వెబ్‌సైట్లలోని తెలుగును మాత్రం చక్కగా చదువుతుంది. లోపం నా ఫోనులో ఉందా? (ఒక అభ్యర్థి, విశాఖపట్నం)

జవాబు: లోపం మీ ఫోనులో లేదు, ఆ పీడీఎఫ్ తయారైన తీరులో ఉంది. అసలు చదవనివి స్కాన్ చేసిన కాగితాలు. చూపు ఉన్నవారికి అవి అక్షరాలు, ఫోనుకు మాత్రం బొమ్మ. వాట్సాప్‌లో తిరిగే పత్రికల కత్తిరింపులు, కళాశాల నోటీసుల ఫోటోలు, సంతకం పెట్టి స్కాన్ చేసిన ప్రభుత్వ ఉత్తర్వులు అన్నీ ఈ కోవలోవే.

రెండో రకం మన తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చిన చిక్కు. డీటీపీ కేంద్రాలలో చాలా ఏళ్లుగా వాడుతున్న అను వంటి ఫాంట్లు యూనికోడ్ పద్ధతికి, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతికి, చెందినవి కావు. వాటిలో ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాలలోనే తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు కూర్చి పెట్టారు. కంటికి "తెలుగు" అని కనిపించే మాట లోపల కొన్ని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కలగలుపుగా నిలిచి ఉంటుంది. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ (తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు) కంటికి కనిపించే బొమ్మను చూడదు, లోపల ఉన్నదాన్నే చదువుతుంది. అందుకే మీకు అర్థం లేని శబ్దాలు వినిపిస్తున్నాయి. మంచి ప్రెస్సులో అందంగా అచ్చైన పుస్తకం కూడా ఈ కారణం వల్ల మన చెవికి చేరేసరికి నాశనమైపోతుంది. తెలుగు ప్రచురణకర్తలు యూనికోడ్‌లో ఒక ప్రతిని దాచి ఉంచితే చాలు, ఎందరో విద్యార్థుల నెలల శ్రమ తప్పుతుంది. ఈ మాట నేను ప్రతి పుస్తక ప్రదర్శనలోనూ చెబుతూనే ఉన్నాను.

ఇప్పటికి మీరు చేయగలిగినది ఏమిటంటే, రెండు రకాల పీడీఎఫ్‌లనూ బొమ్మలుగానే భావించి అక్షరాలను గుర్తించే సాధనం ద్వారా పంపడం. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను చాలావరకు సరిగ్గా గుర్తిస్తుంది. ఈ పని కంప్యూటరులో సులువు. ఫోటోలకైతే ఫోనులోని గూగుల్ లెన్స్ చాలు. పట్టికలు, రెండు వరుసల పేజీలు వస్తే వరుస తప్పుతుంది. గణాంకాలు ఉన్నచోట మాత్రం మిత్రుడి చేత ఒకసారి సరిచూపించుకోండి, ఎందుకంటే 3కు బదులు 8 పడినా మీ చెవికి అనుమానం రాదు.

పుస్తకాల విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, ముద్రిత పుస్తకాన్ని చదవలేనివారి కోసం దాన్ని వారికి అందే రూపంలోకి మార్చడానికి ప్రచురణకర్త అనుమతి అక్కరలేదు. ఇలాంటి పుస్తకాలు దేశదేశాలలోని చూపు లేనివారికి అందడానికి 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు, 2014 జూన్‌లో, ఆమోదించినది మన దేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. కావలసిన తెలుగు పుస్తకం అందులో లేకపోతే, ఫలానాది కావాలని అడగండి. అడిగేవారు ఉంటేనే ఆ జాబితా పెరుగుతుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఫోనుతో డబ్బు చెల్లించేటప్పుడు పిన్ అంకెలు పైకి పలుకుతాయి, పక్కవారికి వినబడుతుందేమోనని భయం. ఈ మధ్య ఒక సంస్థ కేవైసీ (ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే తనిఖీ) కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమంది. నాకు కృత్రిమ నేత్రాలు ఉన్నాయి. దరఖాస్తు తిరస్కరించారు. ఏం చేయాలి? (ఒక ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: పిన్ సంగతి మొదట. బయటికి వెళ్లేటప్పుడు ఇయర్‌ఫోన్లు లేకుండా వెళ్లకండి. చెవిని మూయకుండా చెంప ఎముక మీద ఆనే రకం తీసుకుంటే రోడ్డు మీది శబ్దాలు కూడా వినబడతాయి, మనకు అది ప్రాణావసరం. తెరను నల్లగా చేసే సౌకర్యం రెండు రకాల ఫోన్లలోనూ ఉంది. ఐఫోనులో మూడు వేళ్లతో మూడుసార్లు తడితే సరిపోతుంది, టాక్‌బ్యాక్‌లో దాని మెనూ తెరిచి తెరను దాచమని చెప్పాలి. అప్పుడు మీ భుజం మీదుగా తొంగి చూసేవారికి ఏమీ కనబడదు. అయితే తెర దాచినా మాట ఆగదు, కాబట్టి దాచిన తెర, ఇయర్‌ఫోన్లు రెండూ కలిసి ఉండాలి. అపరిచితులు "నేను కొట్టి పెడతాను, పిన్ చెప్పండి" అంటే, ఎంత మర్యాదగా అడిగినా ఇవ్వకండి.

ఇన్ని జాగ్రత్తలు చెబుతున్నా, మనకు ఫోను చెల్లింపు నోట్లకన్నా మేలు చేసిందనే నా అభిప్రాయం. 2016 నుంచి వచ్చిన కొత్త నోట్లలో 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, 200 నోటుది 146, 100 నోటుది 142, వెడల్పు మూడింటికీ 66. నాలుగు మిల్లీమీటర్ల తేడాను బస్సులో నిలబడి, చెమట పట్టిన వేళ్లతో పోల్చుకోవడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుసు. నోట్లు గుర్తించడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో మణి అనే యాప్‌ను విడుదల చేసింది. కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది, ఇంటర్నెట్ కూడా అక్కరలేదు. కానీ అది నోటు అసలుదో నకిలీదో చెప్పదని గుర్తుంచుకోండి. ఫోను చెల్లింపులో ఆ బెంగ లేదు. దుకాణం గల్లా దగ్గర ఉండే చిన్న స్పీకరు యజమాని కోసం పెట్టినదే అయినా, ఎంత వెళ్లిందో మనకూ పైకి చెబుతుంది. దాని మాట వినేదాకా కదలకండి.

కేవైసీ విషయంలో మీకు జరిగినది అన్యాయం, దానికి ఇప్పుడు గట్టి ఆధారం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన పిటిషన్ల మీద తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కళ్లు ఆర్పడం ఒక్కటే మనిషి బతికి ఉన్నాడనడానికి రుజువు కాకూడదని, వేరే పద్ధతులు ఉండాలని, మొత్తం 20 ఆదేశాలు ఇచ్చింది. మీరు చేయవలసినది ఇది: తిరస్కరించిన సందేశాన్ని దాచుకోండి. ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈ తీర్పును, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టాన్ని పేర్కొంటూ రాతపూర్వకంగా రాయండి, మరో పద్ధతిలో కేవైసీ చేయమని కోరండి. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయండి. ఫోను చేసి మాట్లాడి ఊరుకోకండి, రాతలో ఉన్న ఫిర్యాదుకే లెక్క ఉంటుంది.

ప్రశ్న: చూపు లేని మా తమ్ముడు డిగ్రీలో చేరాడు. ఫోనుతోనే అన్నీ చేసుకుంటున్నాడు. ల్యాప్‌టాప్ అవసరమా? (ఒక పాఠకురాలు, నల్గొండ)

జవాబు: స్తోమత ఉంటే ఇప్పుడే కొనండి, లేకపోతే ఉద్యోగ ప్రయత్నాలు మొదలయ్యేలోగా ఎలాగైనా కొనండి. ఫోనులో ఏ పనైనా చేయవచ్చు గానీ, 30 పేజీల వ్యాసం సరిదిద్దడానికి, లెక్కల పట్టికలలో అడ్డంగా నిలువుగా తిరగడానికి మీటలున్న కంప్యూటరుకు సాటి లేదు. కార్యాలయాలలో అడిగేది కూడా అదే. ఖరీదైన సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఆస్ట్రేలియాకు చెందిన, తామూ చూపు లేనివారే అయిన ఇద్దరు యువకుల కృషితో ఎదిగిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. అప్పటిదాకా ఫోనుకే ఒక బ్లూటూత్ కీబోర్డు తగిలించి ఇవ్వండి, టైపింగు చేతికి వస్తుంది.

ప్రశ్న: నేను యాప్‌లు తయారుచేసే చిన్న సంస్థలో పనిచేస్తున్నాను. మా యాప్ చూపు లేనివారికి పనిచేయడం లేదని ఒకరు రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా? (ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్)

జవాబు: మీరు అడిగినందుకు సంతోషంగా ఉంది, ఇలాంటి ఉత్తరం అరుదుగా వస్తుంది. మొదట చూడవలసినది పేరు లేని బటన్లు. మీరు గీసిన గంట బొమ్మ, మూడు గీతల బొమ్మ, బాణం గుర్తు మాకు "లేబుల్ లేని బటన్" అని మాత్రమే వినిపిస్తాయి. అలాంటివి ఒకే పేజీలో అయిదు ఉంటే, అయిదు మూసిన తలుపుల ముందు నిలబడినట్టే. ప్రతి బటనుకూ అది చేసే పనిని తెలిపే పేరు కోడ్‌లో రాయండి. "బాణం" అనకుండా "వెనక్కి" అనాలి. మేమే సొంతంగా పేర్లు పెట్టుకునే వీలు టాక్‌బ్యాక్‌లో ఉంది, కానీ ఏ బటను ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి మొదట ఎవరినో ఒకరిని అడగాలి కదా. రెండోది సమయం. ఓటీపీ కోసం 30 సెకన్లు ఇచ్చి పేజీ మూసేస్తే, సందేశం విని, తిరిగి వచ్చి, పెట్టెను వెతికి నింపేలోగా గడువు దాటిపోతుంది. మూడోది, బొమ్మలోని వంకర అక్షరాలను చదివి రాయమనే పరీక్ష. దానికి వినే ప్రత్యామ్నాయం లేకపోతే మాకు అక్కడితో దారి మూసుకుపోతుంది. బటన్ల పరిమాణం కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెర మీది కొలత) ఉండాలని ఆండ్రాయిడే సూచిస్తుంది. యాప్‌లు, వెబ్‌సైట్లు వికలాంగులకు అందేలా ఉండడానికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 17802 కూడా ఉంది, దాని మొదటి భాగం 2021లో, రెండో భాగం 2022లో వచ్చాయి. వాటిని మీ బృందం చేత చదివించండి.

గూగుల్ వారి యాక్సెసిబిలిటీ స్కానర్ పైపై లోపాలు చూపిస్తుంది గానీ దానితో ఆగిపోకండి. టాక్‌బ్యాక్ పెట్టి, తెర దాచి, మీ యాప్‌లో లోపలికి వెళ్లడం మొదలుకొని చెల్లింపు పూర్తయ్యేదాకా మీరే ఒకసారి చేయండి. తరువాత చూపు లేని వాడుకరులను పిలిచి, వారి సమయానికి డబ్బు చెల్లించి, పరీక్ష చేయించండి. ప్రతి అప్‌డేట్‌కు ముందు ఇదే మళ్లీ చేయాలి. నేను ఏళ్ల తరబడి వాడుతున్న ఒక చెల్లింపుల యాప్‌లో ఒక అప్‌డేట్ తరువాత "కొనసాగించు" అన్న బటను పలకడం మానేసింది. దాని మీద వేలు పెట్టినా ఏమీ వినబడదు, కుడికి విసిరితే దాన్ని దాటుకొని వెళ్లిపోతుంది. ఆ సంస్థకు మూడుసార్లు రాశాను. అది బాగుపడేసరికి రెండు నెలలు పట్టింది. అన్నేళ్లుగా నా కరెంటు బిల్లు నేనే కట్టుకున్నవాణ్ణి, ఆ రెండు నెలలూ పక్కింటి అబ్బాయిని పిలిచి, నా ఫోను అతని చేతికిచ్చి కట్టించుకున్నాను.